గోడ నిద్రపోతుండగా మేకులు కొట్టారు

"వెళ్ళనంటే వెళ్ళను. ఆ మేడ గడప ఇక తొక్కను" అంటూ నునుపు మేస్త్రి టీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు. గ్లాసులో ఉన్నది ఎగిరి పక్కనున్న దర్జీ మోచేతి మీద పడింది.

"వెళ్ళకపోతే మానెయ్యి. మధ్యలో నా మోచెయ్యి ఏం చేసింది?" అన్నాడు దర్జీ.

"మేకులు! మేకులయ్యా! నా గోడకి!"

"మళ్ళీ మొదలు" అంది టీకొట్టు అక్క, పొయ్యి మీది గిన్నె దించుతూ.

బల్ల చివర మేస్త్రి బావమరిది కూర్చున్నాడు. పనిసంచీ కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. అందులో తాపీలు, సరిచూసుకునే బద్ద, తడిగుడ్డలో చుట్టిన, పూత రుద్దే గుండ్రాయి ఉన్నాయి. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "ఆ సంచీ ఎందుకురా?" అని మేస్త్రి అడిగితే "ఊరికే" అన్నాడు. ఊరికే కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ వీధి చివర మేడలో ఒకప్పుడు ఒకటే కుటుంబం ఉండేది. ఆఖరికి మిగిలిన పెద్దావిడ పోతూ పోతూ మేడనీ, అందులో పటాలనీ ఊరి జనానికి ఇచ్చేసింది. ఎవరైనా సరే తలుపు తట్టకుండా లోపలికి వచ్చి చూసిపోవాలి, అదీ ఆవిడ కోరిక. మేడ మ్యూజియం అయింది. పెద్ద హాలు తయారై తెరుచుకుంది. ఇప్పుడు భోజనాల గది వంతు వచ్చింది. దాని గోడలు కూడా సున్నంతో పూయాలని మ్యూజియం నడిపే అమ్మగారు మేస్త్రికి కబురంపింది. ఈ మధ్యాహ్నం లోపల వచ్చి ఒప్పుకుంటే సరేసరి, లేకపోతే రంగు పిచికారీ కొట్టే మిషను కంట్రాక్టరుకి ఇచ్చేస్తారు.

సున్నం కలిపేవాడి చేతులు ఎప్పుడూ పగిలి ఉంటాయి. బావమరిది చేతులు ఈ మధ్య పూర్తిగా మానిపోయాయి. భార్య చూసి సంతోషించింది. అతను మాత్రం ఆ చేతులు జేబుల్లోంచి తీయడం లేదు. సున్నం కలపడం తప్ప అతనికి ఇంకో పని చేతకాదు. ఆ కలిపిన సున్నాన్ని గోడకెక్కించేవాడు బావ తప్ప ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఆ బావేమో ఇక్కడ కూర్చుని బల్ల గుద్దుతున్నాడు.

"ఏం గోడ? ఏం మేకులు?" అని అడిగాడు ఎదుటి బల్ల మీద ఉన్న లారీ డ్రైవరు. ఊరికి కొత్త. సరుకు దించేదాకా ఏదో ఒక కాలక్షేపం కావాలి అతనికి.

దర్జీ తల పట్టుకున్నాడు. "అయ్యో, అడిగేశావా!"

మేస్త్రి అప్పటికే బల్ల మీద అటు తిరిగి కూర్చున్నాడు.

"అడగనీవయ్యా! అడిగేవాడు ఒకడైనా ఉండాలి కదా ఊళ్ళో! విను బాబూ, నువ్వు ఊళ్ళు తిరిగేవాడివి, న్యాయం చెప్పు. ఆ మేడలో పెద్ద హాలు గోడ పాడుబడిపోయింది. పాత గోడకాగితం ఊడదీస్తే వెనక పూతంతా పెచ్చులు పెచ్చులు. ఇంజినీరు వచ్చాడు, వేలితో పొడిచాడు, రాలిన పొడి చొక్కాకి తుడుచుకున్నాడు, ఇది కూల్చాల్సిందే అన్నాడు. వేలితో పొడిస్తే నేను మాత్రం రాలనా? నన్ను పిలిచారు. నేను వెళ్ళి అరచెయ్యి ఆనించాను. చల్లగా తగిలింది. గోడ లోపల చల్లదనం ఉందంటే ప్రాణం ఉన్నట్టే. అమ్మగారూ, దీన్ని నాకు వదిలెయ్యండి, మీరు పటాలు తుడుచుకోండి అన్నాను."

ఇక్కడిదాకా అచ్చమైన నిజం. బావమరిది పక్కనే ఉండి చూశాడు.

"సున్నం నానబెట్టించాను. ఇడుగో, వీడే కలిపాడు. కలపడం బాగానే కలుపుతాడు, మాటే రాదు. ఒక పూత, దాని మీద సన్నది ఇంకో పూత, ఆ మీద మీగడ లాంటి పూత. అది ఆరీ ఆరకుండా ఉండగా రాయి పట్టాలి. తొందరపడితే పూత రాయికి అంటుకుని ఊడొస్తుంది. ఆలస్యం చేశావా, మోచెయ్యి అరిగిపోవాలే గానీ మెరుపు రాదు. మధ్యలో ఆ కాసేపు ఉంటుంది చూశావూ, అది నాకు వాసనతో తెలుస్తుంది."

"గోడకి వాసనా?" అన్నాడు డ్రైవరు.

"నీ బండి వేడెక్కితే నీకు తెలీదూ? ఇదీ అంతే."

డ్రైవరు ఒప్పుకున్నట్టు తల ఊపాడు. ఊపకుండా ఉండాల్సింది. మేస్త్రికి తల ఊపినవాడు దొరికితే చాలు.

"రుద్దాను. పొద్దున్నే మొదలుపెడితే కిటికీలో వెలుగు పోయేదాకా. మోచెయ్యి గుమ్మడికాయంత వాచింది. అలా రుద్దగా రుద్దగా ఒకరోజు టప్‌మని చప్పుడైంది. ఏంటా అని చూస్తే కింద బల్లి! ఎక్కబోయి జారింది పాపం. లేచింది, దులుపుకుంది, మళ్ళీ ఎక్కింది, మళ్ళీ టప్."

"మొన్న చెప్పినప్పుడు కూడా బల్లే పడింది" అంది అక్క. "కానీ ఒక్కటే."

"మిగతావి తర్వాత పడ్డాయి! కాస్త ఆగు! ఆ బల్లికి పౌరుషం వచ్చింది. వెళ్ళి వాళ్ళవాళ్ళని తీసుకొచ్చింది. పొడుగు తోకది, తోక తెగింది, పిల్లది, ముసలిది, అందరూ వరసగా ఎక్కడం, వరసగా జారడం. హాలంతా టపటప! ఆఖరికి ఒక పెద్ద బల్లి నా వైపు చూసింది బాబూ. ఏం చూపది! మేమేం అన్యాయం చేశామయ్యా నీకు అన్నట్టు. తర్వాత అందరూ మూటాముల్లె సర్దుకుని తోటలోకి వెళ్ళిపోయారు. ఈరోజు వరకు ఆ మేడలో బల్లి లేదు. కావాలంటే వెళ్ళి వెతుక్కో."

"మూటాముల్లె కూడానా?" అన్నాడు డ్రైవరు.

"సంసారాలన్నాక ఉండవూ?"

డ్రైవరు గట్టిగా నవ్వాడు. కిటికీ పక్క బల్ల మీద పొడుగు కోటు వేసుకున్న ఒకామె, ఇటు వీపు పెట్టి, రొట్టె టీలో ముంచుకు తింటోంది. ఆమె భుజాలు కూడా కొంచెం కదిలాయి. బావమరిది మాత్రం వీధిలో నీడలు చూస్తున్నాడు. ఎదుటి కొట్టు నీడ అప్పుడే వీధి సగం దాకా తగ్గింది. ఇలా బల్లుల దగ్గరే ఉంటే మధ్యాహ్నం అయిపోతుంది.

"బావా, ఒక్కసారి వెళ్ళి మాట్లాడితే..."

"నువ్వుండరా! ఆ తర్వాత ఏమైందో తెలుసా బాబూ? మాట జారడం మొదలైంది. ఆ హాల్లో నిలబడి ఏం మాట్లాడినా ఆ మాట గోడకి తగిలి ఆగదు. జారుకుంటూ కిటికీలోంచి బయటికి పోతుంది. ఒకసారి అమ్మగారు నా చెవిలో గుసగుసగా, మేస్త్రీ పని ఎప్పటికి పూర్తవుతుంది అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు అవతల మార్కెట్లో కూరగాయలమ్మేవాడు, వచ్చే వారం అమ్మా అని కేకేశాడు. ఆమెకి ఒళ్ళు మండింది. మ్యూజియం సంగతులన్నీ ఊళ్ళో వాళ్ళకి ముందు తెలుస్తున్నాయి! దాంతో ఆ హాల్లో సైగలే, మాటల్లేవు. నేను సున్నం కావాలంటే ఇలా వేళ్ళు ఆడించాలి, వీడు నీళ్ళు తెచ్చేవాడు."

"అది నిజంగానే జరిగింది" అన్నాడు బావమరిది మెల్లిగా. "నీళ్ళు తేవడం."

"విన్నావా? సాక్ష్యం కూడా ఉంది! సరే, ఇక వెలుగు సంగతి. పొద్దు గుంకుతుంది, ఊరంతా మసక పడుతుంది, నా గోడ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. పగలు తాగిన ఎండని వదలదు. కరెంటు పనివాడు దీపాలు బిగిద్దామని వచ్చి, కాసేపు చూసి, తీగలన్నీ చుట్టుకుని, ఇక్కడ నాకు పనిలేదండీ అని వెళ్ళిపోయాడు. పక్క ఇళ్ళవాళ్ళు గొడవకొచ్చారు, మీ గోడ వల్ల మాకు కునుకు లేదని. కోళ్ళకైతే ఎప్పుడు కూయాలో తెలీక గొంతులు పోయాయి. చివరికి గోడకి దుప్పటి కప్పాం."

"గోడకి దుప్పటి?"

"అంత గోడకి దుప్పటి దొరుకుతుందా అని అడుగు! ఇడుగో, ఈ దర్జీయే కుట్టాడు."

"నేనా?" అన్నాడు దర్జీ. "నేను కుట్టింది నీ చొక్కా. దానికే ఇంకా డబ్బులివ్వలేదు."

అందరూ నవ్వారు. బావమరిది కూడా నవ్వాడు గానీ, వెలుగు మాట వచ్చేసరికి అతని మనసు ఆ హాల్లోకి పోయింది. పని పూర్తయిన రోజు అమ్మగారు ఒంటరిగా వచ్చింది. చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. తర్వాత గోడ దగ్గరికి నడిచింది. చెయ్యి వేయబోయి ఆగి, వేలికున్న ఉంగరం తీసి కోటు జేబులో వేసుకుంది. ఎక్కడ గీత పడుతుందోనని. అప్పుడు అరచెయ్యి ఆనించింది. ఏమీ అనలేదు. బావ నోట మాట రాకపోవడం బావమరిది ఆ ఒక్కసారే చూశాడు.

ఆ సంగతి మేస్త్రి ఈ కొట్లో ఎప్పుడూ చెప్పలేదు. బల్లుల గురించి చెప్తాడు, కోళ్ళ గురించి చెప్తాడు, ఉంగరం ఊసెత్తడు. కోపమంతా అక్కడే ఉందని బావమరిదికి తెలుసు. ఉంగరం తీసి తాకిన మనిషే ఆ గోడకి మేకులు కొట్టించింది. అదెలా మింగుడు పడుతుంది?

మ్యూజియం తెరిచిన రోజు ఇద్దరూ ఉతికిన బట్టలేసుకుని వెళ్ళారు. హాలు గుమ్మానికి తాడు కట్టి, జనాన్ని కొంచెం కొంచెంగా వదులుతున్నారు. మేస్త్రి తాడు దగ్గర నిలబడి మెడ చాచి చూశాడు. ముందు ముఖం వెలిగింది. "చూడరా, చూడరా మన గోడ! ఎక్కడైనా అల ఉందా? గాజు పలకలా లేదూ?" అన్నాడు. అప్పుడు పటాలు కనిపించాయి. చిన్నవీ పెద్దవీ, గోడ నిండా. ప్రతి పటం వెనకా మేకు ఉంటుంది కదా. తాడు వదిలేశాడు. వెనక్కి తిరిగి, జనాన్ని తోసుకుంటూ బయటికొచ్చేశాడు. బావమరిది ఒక్క క్షణం ఆగాడు. గుమ్మం పక్కన గోడ కొంచెం ముందుకొచ్చినట్టు అనిపించింది అతనికి. పొరపాటు పడ్డానేమో అనుకుని బావ వెనకాల పరిగెత్తాడు. ఆ తర్వాత అమ్మగారి మనిషి ఏదో చెప్పడానికి ఇంటికి వస్తే, "మేకులు కొట్టినవాళ్ళతో నాకు మాటల్లేవు" అని మేస్త్రి అతని మొహం మీదే తలుపేశాడు.

"ఇక నీడలు!" అంటున్నాడు మేస్త్రి. గొంతు పెరిగింది. "నీడ గోడ మీద పడితే నిలవాలి కదా? నిలవదే! జారి కింద కుప్పపడుతుంది. చూడ్డానికొచ్చినవాళ్ళు చూసి వెళ్ళిపోతారు, నీడలు మాత్రం గోడ మొదట్లో పోగులు పోగులు. ఊడ్చే ఆమె గంపలకెత్తలేక అలిసిపోయేది. మర్నాడు పొద్దున గేటు దగ్గర జనం! నా నీడ మర్చిపోయానండీ, నా నీడ మర్చిపోయానండీ అని. ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? నేనే కూర్చుని పంచాను. అయ్యా, మీది ఇదేనా చూడండి, కాస్త పొట్ట ఉంది. అమ్మా, ఇది మీది కాదు, దీనికి గొడుగు ఉంది. ఒకాయనైతే తనది వదిలేసి సన్నటిది ఏరుకుని పోయాడు. ఇప్పటికీ వీధిలో కనిపిస్తాడు. మనిషి ఇంత, నీడ ఇంత!"

డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. అక్క పాలు పొంగుతున్నా చూడలేదు.

"నవ్వండి, నవ్వండి! మీకు నవ్వులాట! దేశం కాని దేశం నుంచి పటాల గురించి అంతా తెలిసిన ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయన ఏం చేశాడో తెలుసా? భూతద్దం తీశాడు, గోడ మీద పెట్టాడు, కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. జన్మంతా పటాలు చూస్తూ వృథా చేసుకున్నానే, ఒక్క గోడనైనా చూడలేకపోయానే అని! పటాల్లోవాళ్ళకి కూడా తెలుసు బాబూ. అందులో ఒక సేనాధిపతి ఉన్నాడు, పెద్ద మీసం, కత్తి. ఆయన్ని మోసుకుంటూ హాల్లోకి తెచ్చారో లేదో, నా గోడ చూసి టోపీ తీసేశాడు! ఇప్పటికీ చేతిలోనే పట్టుకుని ఉంటాడు, వెళ్ళి చూడు. ఒక పటంలో పడవలుంటే, ఆ నీళ్ళకన్నా నా గోడే మేలని పడవలన్నీ బయటికి రాబోయాయి. అమ్మగారు పటాలకి చెప్పింది, తొందరపడకండి, మీకు చోటిస్తాను అని. ఇచ్చింది! నా నెత్తిన మేకులు కొట్టి ఇచ్చింది!"

గ్లాసు మళ్ళీ ఎగిరింది. ఈసారి దర్జీ ముందే మోచెయ్యి తీసేసుకున్నాడు.

"ఒక్క సందేహం" అన్నాడు దర్జీ. "బల్లి నిలవదు, మాట నిలవదు, నీడ నిలవదు. మరి మేకు ఎలా దిగింది?"

డ్రైవరు ముందుకి వంగాడు. బావమరిదికి కూడా ఇది కొత్త. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మేస్త్రి తడుముకోలేదు. గొంతు తగ్గించాడు.

"అదే కదా అన్యాయం. పట్టపగలు ఎదురుగా నిలబడి కొట్టారనుకున్నావా? ప్రయత్నించారు. మేకు పెడితే జారిపోయింది. సుత్తి ఎత్తితే సుత్తి జారి కొట్టేవాడి చెప్పులో పడింది. కమ్మరిని తెచ్చారు, జారాడు. అతని కొలిమి కూడా జారింది. చివరికేం చేశారో తెలుసా? గోడ నిద్రపోయేదాకా ఆగారు."

"గోడ నిద్రపోవడమేంటయ్యా?" అన్నాడు డ్రైవరు.

"పగలంతా అంత వెలుగిచ్చాక అలసట రాదూ? నిద్ర రాదూ? అది ఒళ్ళు తెలీకుండా పడుకుని ఉండగా, చెప్పాపెట్టకుండా, నెత్తిన మేకు! అది అరిచిన అరుపు నాకు ఇంటి దగ్గర వినబడింది. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి చెయ్యి కడిగేసుకున్నాను. నిద్రపోతున్నదాన్ని కొడతారా ఎవరైనా? మీరే చెప్పండి, మనుషులు చేసే పనేనా అది? అలాంటి చోటికి నేను మళ్ళీ తాపీ పట్టుకుని వెళ్ళాలా?"

చివరి మాటలకి ఆయన గొంతు నిజంగానే వణికింది. డ్రైవరు నవ్వు ఆపేశాడు. బావమరిది సంచీ వైపు చూసుకున్నాడు. ఇక ఇంటికి మోసుకెళ్ళడమే.

అప్పుడు కిటికీ పక్కనామె ఇటు తిరిగింది. రొట్టె ముక్క నోట్లో వేసుకుని, చేతులు దులుపుకుంది.

"ఆ గోడకి మేకు పడలేదండీ" అంది.

"ఏంటమ్మా?"

"పెద్ద హాలు గోడకి. ఒక్క మేకు కూడా పడలేదు."

మేస్త్రి ఆమెని కిందనుంచి పైదాకా చూశాడు. "నువ్వు చూశావేంటి తల్లీ?"

ఆమె కోటు గుండీ విప్పింది. లోపల మ్యూజియం కాపలావాళ్ళు వేసుకునే నీలం చొక్కా ఉంది. "నా కుర్చీ ఆ హాల్లోనే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోడకి వీపు ఆనించుకునే కూర్చుంటాను. తలకాయ తగిలితే డబ్బా మోగినట్టు మోగుతుంది."

"నా గోడ మోగడమేంటి? దిట్టమైన గోడ అది!"

"మీ గోడ కాదు మోగేది. చెక్క. మీ గోడ ముందు చెక్కల గోడ ఇంకోటి కట్టారు. మీరు పూసిన రంగే దానికీ వేశారు. మేకులు చెక్కలకే కొట్టారు. పటాలన్నీ దాని మీదే ఉన్నాయి."

గుమ్మం పక్కన ముందుకొచ్చిన గోడ. బావమరిది జేబుల్లోంచి చేతులు తీశాడు.

దర్జీకి విషయం అర్థమవడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక ఆగలేదు. "అంటే ఆరోజు తాడు దగ్గర నిలబడి, గాజు పలకలా ఉంది, గాజు పలకలా ఉంది అని నువ్వు మురిసిపోయింది మిషను మీద కోసిన చెక్కనా? నీ గోడని నువ్వే పోల్చుకోలేకపోయావా మేస్త్రీ?"

కొట్టంతా గొల్లుమంది. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి, అక్క గుడ్డ పట్టుకుని పరిగెత్తింది. మేస్త్రి ఒక్కడే కదల్లేదు. బావమరిదికి అతన్ని చూడబుద్ధి కాలేదు. నవ్వుతున్న దర్జీని ఒక్కటి వేయాలనిపించింది.

"చెక్క ఎందుకు కట్టారు?" అని మేస్త్రి చివరికి అడిగాడు. ఎప్పటి గొంతు కాదు అది.

"ముందు గోడకే కొట్టేద్దామనుకున్నారు. పటాలు బిగించేవాళ్ళు నిచ్చెనలతో వచ్చేశారు కూడా. అమ్మగారు ఒప్పుకోలేదు. నేనక్కడే ఉన్నాను. పెద్ద గొడవ. ఈ గోడకి ఎవడైనా మేకు ఆనిస్తే ముందు నన్ను కొట్టి తర్వాత దానికి కొట్టండి అంది. ఈ సంగతి మీకు చెప్పమని మనిషిని పంపిందట. మీరు తలుపేశారట."

మేస్త్రి బల్ల మీది తడిని వేలితో అటూ ఇటూ రాశాడు.

"అయితే జనం ఎవరూ దాన్ని చూడలేదన్నమాట."

"లేదండీ."

"విదేశాల పెద్దమనిషి?" అన్నాడు డ్రైవరు, ఊరుకోలేక.

"ఒకాయన వచ్చారు. బాత్రూము ఎక్కడని అడిగారు" అంది కాపలా ఆమె.

మళ్ళీ నవ్వు. ఈసారి మేస్త్రి దాన్ని పట్టించుకోలేదు.

"వెనకాల గాలి ఆడుతుందా? సున్నానికి గాలి కావాలి. ఊపిరాడకపోతే పొడి రాలుతుంది."

"ఆడుతుంది. కిటికీ మూల దగ్గర సందు వదిలారు. ఒకసారి నా రుమాలు అందులో పడిపోతే చెయ్యి పెట్టి తీశాను."

మేస్త్రి తల ఎత్తాడు. "చెయ్యి పెట్టావా? గోడ తగిలిందా?"

"తగిలింది."

"ఎలా ఉంది?"

కొట్లో ఎవరూ నవ్వలేదు. కాపలా ఆమె చెప్పడానికి ముందు తన చేతిని ఒకసారి చూసుకుంది.

"చల్లగా ఉంది. రుమాలు దొరికాక కూడా చెయ్యి తీయబుద్ధి కాలేదు. ఎండలు ముదిరినప్పుడు, జనం లేకపోతే, వెళ్ళి కాసేపు పెట్టుకుంటూ ఉంటాను. అమ్మగారికి చెప్పకండి."

మేస్త్రి నోట మాట రాకపోవడం బావమరిది చూడటం ఇది రెండోసారి.

కానీ ఎక్కువసేపు నిలవలేదు. ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత మెడ. తర్వాత బల్ల మీద దెబ్బ పడింది, మళ్ళీ దర్జీ మోచెయ్యి తడిసింది.

"చెక్కా? నా గోడకి చెక్క ముసుగా! అంత కష్టపడి రుద్ది రుద్ది నేను నిలబెడితే, ఎవరి కళ్ళా పడకుండా వెనకాల దాచేస్తారా? ఒక్క రుమాలుకి తప్ప ఇంకెవరికీ దర్శనం లేకుండానా? పెద్దావిడ మేడనిచ్చింది జనం చూడాలనా, దాచిపెట్టాలనా? ఏమనుకుంటున్నారు వీళ్ళు? లేవరా, లే! ఇంకా కూర్చున్నావేం? ఆ సంచీ ఇటివ్వు. వద్దు, నువ్వే పట్టుకో, నా మోచెయ్యి ఇంకా వాచే ఉంది. ఇప్పుడే వెళ్ళి ఆవిడని కడిగేస్తాను. భోజనాల గది పూస్తాను, ఎందుకు పూయను, కానీ చెక్క మాట ఎత్తితే ఊరుకోను. పటం పెట్టుకుంటే గోడకే పెట్టుకోవాలి, మేకు కొడితే గోడకే కొట్టాలి!"

బావమరిది సంచీ అప్పటికే భుజాన వేసుకున్నాడు. అక్క వెనక నుంచి "టీ డబ్బులు!" అంది. "దర్జీ ఖాతాలో రాయి" అన్నాడు మేస్త్రి, వీధిలోకి దిగిపోతూ.

"ఏమయ్యా మేస్త్రీ" అని దర్జీ గుమ్మంలోకి వచ్చి కేకేశాడు. "మేకు కొట్టే సమయానికి ఆ గోడ కూడా నిద్రపోతూ ఉంటేనో?"

మేస్త్రి నడక ఆపలేదు. వెనక్కి కూడా తిరగలేదు.

"లేపి, చెప్పి, కొట్టమంటాను!"